తాడు లెక్క తప్పలేదు, అన్నా

తప్పు నీదే అన్నా. ఆ కాగితం మీద సంతకం పెట్టింది నువ్వే.

బాయి నీళ్ళను ఖరాబు చేసిన ఫ్యాక్టరీ గోడకు కిలోమీటరు లోపలున్న ఇండ్లకే మంచినీళ్ళ ట్యాంకర్ అన్నరు. ఆఫీసరు జీపుల కూసొని రోడ్డెంబడి చుట్టు తిరిగొచ్చి, మీటర్ చూసి, "రెండు కిలోమీటర్లు" అని కాగితం మీద రాసుకున్నడు. నువ్వు ఇరవై బారల, అంటే ముప్పై ఆరు మీటర్ల, బాయి తాడు తీసుకొని బాయి కాడికెల్లి చెల్కల మీదుగ సీదా గోడ దాక కొలిచినవ్. తాడు పద్దెనిమిది సార్లు పట్టింది.

"సారూ, విషం బస్సెక్కి వస్తదా?" అని అడిగినవ్.

"తాడు బర్రెకు కట్టుకో పెద్దాయనా" అని ఆయన నవ్విండు. మన బాయి నీళ్ళిస్తే ముట్టలే, జీపులకెల్లి నీళ్ళ సీసా తెచ్చుకొని తాగిండు. నేను కొట్లాటకు దిగితే, "ఇంటికొచ్చినోనితోని పంచాది వద్దు తమ్మీ" అని నన్నే ఆపి సంతకం పెట్టినవ్.

తర్వాత నువ్వు మంచాన పడి దవాఖానకు పోతే, డాక్టరు "నీళ్ళు మార్చుండ్రి" అన్నడు. ఇంటికొచ్చి మళ్ళ ఆ బాయి నీళ్ళే తోడుకున్నం.

నిన్న నీ ఏడాది మాసికం. ఇయ్యాల పటాన్‌చెరు నెట్ సెంటర్ల కూసొని, కంప్యూటర్ మ్యాపు మీద గోడ కాడ ఒక చుక్క, బాయి కాడ ఒక చుక్క పెట్టిన. నడుమ సక్కటి గీత వచ్చింది: ఆరు వందల యాభై మీటర్లు. నీ లెక్కకు సగం తాడు గూడ తేడా లేదు. వదిన ఇంకా ఆ నీళ్ళే తాగుతున్నది.

రేపు ఆ మ్యాపు కాగితం పట్టుకొని ఆఫీసుకు పోతున్న. నా డిమాండ్లు ఇవి:

దూరం సీదా కొలవాలె, రోడ్డు మీద కాదు.
వదిన వాకిట్ల ట్యాంకర్ ఆగాలె.
ఆఫీసరు మన బాయి నీళ్ళు ఒక చెంబు తాగాలె.
నువ్వు ఆ సంతకం వాపసు తీసుకోవాలె.