వైరును కొరికిన మూల

ఏప్రిల్ 3

మా కంపెనీ కన్వర్టర్ ఉన్న ఎలక్ట్రిక్ బస్సు నిన్న మధ్యాహ్నం వంతెన మీద ఆగిపోయింది. పెద్ద బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని లైట్లకీ, స్టీరింగుకీ, తలుపులకీ అందించడమే ఆ పెట్టె పని. అది పోయింది. తలుపులు తెరుచుకోలేదు. చేత్తో తిప్పే లీవరు కూడా బిగుసుకుపోయిందట. నలభై మంది ఇరవై నిమిషాలు ఎండలో లోపలే ఉడికిపోయారు. ఒక ముసలాయన స్పృహ తప్పాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడట.

డిజైన్ నాది.

ఏప్రిల్ 4, ఉదయం 10

పెట్టె వచ్చింది. ఫ్యాను నిండా దుమ్ము. ఓనరు గారి ముఖం వెలిగింది. డిపో వాళ్ళు శుభ్రం చేయలేదు, అదే రాసి పంపేయ్ అన్నారు. దుమ్ము నిజమే. కానీ లోపల వైరు కాలిన వాసన. మూడు రోజులు గడువడిగాను.

ఏప్రిల్ 5

ఏమీ దొరకలేదు.

ఏప్రిల్ 6

దొరికింది. పెట్టెలోని ట్రాన్స్‌ఫార్మర్‌ని కోసి చూశాను. వైరు చుట్టిన అచ్చు మూల ఒకదాని దగ్గర, మధ్యలో వేసిన టేపు ఒరుసుకుపోయి, రెండు వైరు చుట్లు ఒకదానికొకటి తగిలాయి. బస్సు కుదుపులకి ఆ మూల వైరును కొరుకుతూనే ఉంది. చోటు కలిసొస్తుందని దాన్ని అంత పదునుగా గీసింది నేనే.

ఇంకా సిగ్గు ఏమిటంటే, ఈ మాట నాకు ముందే చెప్పారు. మా దగ్గర కాయిల్స్ చుట్టే ఆవిడని అందరం పిన్నీ అంటాం. అమ్మాయ్, ఈ మూల మంచిది కాదు, కాస్త గుండ్రంగా చేయించు అంది. కంప్యూటర్ సిమ్యులేషన్‌లో బాగానే వచ్చింది పిన్నీ అన్నాను. ఆవిడ అలాగే చుట్టేసింది.

ఏప్రిల్ 7

పొద్దున్నే పిన్ని దగ్గరికి వెళ్ళి తప్పు నాదే అన్నాను. తిట్టినా బాగుండేది. కళ్ళజోడు తుడుచుకుని, ఇలాంటివి ఇంకెన్ని తిరుగుతున్నాయి అని అడిగింది. ఇరవై రెండు అన్నాను. మరి నిలబడ్డావేం, వెళ్ళి మూల సరిచెయ్ అంది.

ఉన్నది ఉన్నట్టు రాసి, ఇరవై రెండూ వెనక్కి రప్పిద్దామంటే ఓనరు గారు ససేమిరా అన్నారు. కంపెనీ పరువేం కావాలి అన్నారు. రేపు ఇంకో బస్సు ఆగితే పరువు ఎక్కడ వెతుక్కుంటాం సార్ అన్నాను. రిపోర్టు కింద నా పేరే పెడతానన్నాను. చివరికి ఆయన, పంపు, అక్షరదోషాలు లేకుండా చూసుకో అన్నారు.

ఏప్రిల్ 8

డిపో ఇంజనీరు ఫోన్లో ఏకిపారేశాడు. ఇరవై రెండు బస్సులూ ఆపాలా అని అరిచాడు. ఆపాలి అన్నాను. ఎప్పటికిస్తారు అన్నాడు. రెండు వారాలు అన్నాను. పిన్నిని అడక్కుండానే.

ఏప్రిల్ 13

కొత్త మూలతో చుట్టిన మొదటి ట్రాన్స్‌ఫార్మర్, బస్సులా కుదిపే వైబ్రేషన్ టేబుల్ ఎక్కింది. నాలుగు రోజులు వేడిలో ఊగాలి. ఈలోగా మిగతావి చుడుతున్నాం. నేనూ ఒకటి చుట్టాను. పిన్ని దాన్ని పూర్తిగా విప్పి, మళ్ళీ చుట్టింది. నా వేళ్ళు మంటలు.

ఏప్రిల్ 17

టేబుల్ ఆపాం. కోసి చూశాం. టేపు మీద గీత కూడా లేదు. పిన్ని భూతద్దంతో రెండుసార్లు చూసి, ఊఁ అంది.

ఏప్రిల్ 22

ఇరవై రెండూ డిపోకి వెళ్ళిపోయాయి.

మే 9

పనేమీ లేకపోయినా ఆ వంతెన రూటు బస్సెక్కాను. మా పెట్టె ఉన్న వెనక ప్యానెల్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. గోరువెచ్చగా ఉంది. ఒంట్లో బాగోలేదనుకుందేమో, ఒకావిడ లేచి సీటిచ్చింది. చివరి స్టాపు దాకా కూర్చున్నాను.