గౌరీదేవి చదివిన పద్దెనిమిది ట్రాకులు

రుఆబాంధా, భిలాయి

బాబాయికి,

నవల చదివింది అమ్మయితే, సీడీల అట్ట మీద నాన్న పేరెందుకుంది? పదహారేళ్లుగా ఇదే ప్రశ్న నన్ను తొలుస్తోంది.

చూపు తగ్గిన రిటైర్డ్ కార్మికుల కోసం, మన తెలుగు సంఘం తరఫున నాన్న ఆ నవలను చదివి రికార్డు చెయ్యడం మొదలుపెట్టారు. రెండు అధ్యాయాలయ్యేసరికి దగ్గు ఆగక అమ్మకు అప్పగించారు. అట్టలు అప్పటికే అచ్చయిపోయాయి.

ఇద్దరూ పోయాక ఇప్పుడు ఆ సీడీలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ప్రతి ట్రాకునూ రెండుసార్లు ఎక్కించి, రెండు కాపీలూ తేడా లేకుండా సరిపోయాకే ఉంచుతున్నాను. గొంతు విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉండి, పేరు దగ్గర అబద్ధం రాయనా?

"ఏటే, అన్నయ్య పేరు కొట్టేస్తావేటి? సంఘంలో నా ఇజ్జత్ ఏటవ్వాలి?" అని మీరు ఫోన్‌లో అరిచారు. కొట్టెయ్యను. మొదటి రెండు ట్రాకులకు త్రినాథరావు, మూడు నుంచి ఇరవై దాకా గౌరీదేవి. మీరు అధ్యక్షులైనా సరే, మార్చను.

కానీ చివరి ట్రాకు ఆఖర్లో నాన్న, "నీ పేరు చెప్పీ, గౌరీ" అంటారు. అమ్మ నవ్వి, "నాకెందుకండీ, కట్టెయ్యండి" అంటుంది. ఆ మాటలు ఉంచాలో తీసెయ్యాలో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

మీ అన్న కూతురు