హెస్టర్ పిన్నికి పొడి నేల

అక్టోబర్ 3, సోమవారం

దీవి ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడం ఏమనగా, ఈస్టర్ నాటి నుంచి కనబడకుండా పోయిన మా ఎపిస్కోపల్ చర్చి కాఫీ డ్రమ్ము మూత ఈ ఉదయం బాప్తిస్మపు తొట్టి వెనకాల పట్టుబడింది. దాచిందెవరో తెలియరాలేదు. దాచింది నేనే కనుక ఇకముందు కూడా తెలియరాదు.

ఇంకో చిన్న వార్త. చర్చి మూసేస్తున్నారు. ఈ నెల ఆఖరి ఆదివారం బిషప్ వచ్చి చివరి ఆరాధన జరిపి తాళం వేస్తాడు. ఆ తర్వాత మా సమాధుల దొడ్లో ఎవర్నీ పూడ్చనివ్వరు. దీవి చుట్టూ ఉన్న అఖాతం, మేం బే అంటాం, దాని నీళ్ళు ఏటేటా లోపలికి వస్తున్నాయి, మనుషులం గుప్పెడుమందిమి మిగిలాం. 

హెస్టర్ పిన్నికి నేనే వెళ్ళి చెప్పాను. మంచం మీంచి లేవకుండానే, అయితే నేను ఈలోపే పోవాలన్నమాట, కాస్త ముందుగా చెప్పి చావొచ్చు కదరా ఎల్వుడ్, అంది.

అక్టోబర్ 8, శనివారం

మా పాస్టరు మదర్ జోస్లిన్ ఫోన్ చేసింది. చివరి ఆరాధనలో చర్చి చరిత్ర నేను చెప్పాలట. ఎనిమిదో క్లాసులో బడి మానేసి పీతల పడవెక్కినవాణ్ణి, నేనేం చెప్తాను తల్లీ అన్నాను. మిగతావాళ్ళు నోరు తెరిస్తే ఏడుస్తున్నారు, నువ్వైతే కనీసం నవ్విస్తావు, అంది.

చర్చి చరిత్రంతా ఉన్నది పిన్ని తలలోనే. నలభై ఏళ్ళు చర్చిలో ప్రభువు బల్ల మీది గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసిన మనిషి. ఆవిడ ముందు ప్రాక్టీసు మొదలుపెట్టాను. ఈ ఇటుకలు ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చాయి అన్నాను. మా పెద్దలంతా చెప్పే మాటే అది. పిన్ని దిండు మీంచి తలెత్తింది. బొంకు. మన వాగు బురదే అది. పిసికి కాల్చింది బానిసలు. ఎర్ర తలుపు పక్కన మోకాలెత్తున ఒక ఇటుకలో పసిపిల్ల వేళ్ళ గుర్తులు దిగబడి ఉన్నాయి, పోయి నీ వేళ్ళు పెట్టి చూడు, పట్టవు. అది చెప్పు ముందు, అంది.

మొదటి పాస్టర్ని దోమలు ఎత్తుకుపోయాయి, టోపీ ఒక్కటే దొరికింది అన్నాను. జ్వరంతో పోయాడు పాపం, టోపీ నీ బుర్రలోది, అంది. కానీ దగ్గొచ్చేదాకా నవ్వింది.

అక్టోబర్ 12

పీతల్లేవు. గాలి. పిన్ని సూప్ సగం వదిలేసింది.

అక్టోబర్ 16, ఆదివారం

ఆరాధన అయ్యాక రొట్టె, ద్రాక్షారసం మదర్ జోస్లిన్ పిన్ని ఇంటికే తెచ్చింది. ఆవిడ వెళ్ళాక పిన్ని నా చెయ్యి పట్టుకుంది. ఆర్విల్ బాబాయి పక్కన పెట్టండి, అదొక్కటి చాలు, అంది. ఆగి, ఇంకొకటి, అంది. బతుకంతా తడి కాళ్ళతో తిరిగాను. పోయాకైనా నన్ను పొడి నేలలో పెట్టరా.

కావాలంటే కార్పెట్ వేయిస్తా పిన్నీ అన్నాను. వెధవ వేషాలు మాని మాటివ్వు, అంది.

ఇచ్చాను.

అక్టోబర్ 21

చర్చి గంటను ఒక సముద్రపు దొంగ పెళ్ళికట్నంగా ఇచ్చాడని చెప్పాను. దిద్దలేదు. ఆ దొంగకి చెక్కకాలు అన్నాను. దిద్దలేదు. చెక్కకాలికి బూటు కూడా తొడిగాను.

కిటికీ వైపు చూస్తూ పడుకుంది.

అక్టోబర్ 25

పిన్ని పొద్దున పోయింది.

అక్టోబర్ 26, బుధవారం

మా దగ్గర సమాధి వేళ గడియారం చూసి పెట్టరు. నీళ్ళు చూసి పెడతారు. పోటు తీసినప్పుడు తవ్వడం, మళ్ళీ పోటు ఎక్కి గోతిలో నీళ్ళూరేలోగా పూడ్చడం. మా తాతల కాలం నుంచీ అంతే. పొద్దున ఆరింటికి పూడ్చిన రోజులున్నాయి, పెళ్ళి భోజనాలు మధ్యలో ఆపి వెళ్ళి పూడ్చిన రోజులున్నాయి.

మదర్ జోస్లిన్ శనివారం పదకొండు అంది. శనివారం పదకొండుకి నిండు పోటు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. నాలుగు చర్చిలు నా నెత్తిన ఉన్నాయి ఎల్వుడ్, శుక్రవారం ఇంకో ఊళ్ళో సమాధి, శనివారం మూడింటికి పెళ్ళి, తెల్లారితే బిషప్. ఇంకో రోజు నాకు ఎక్కడుందో నువ్వే చూపించు, అంది.  

గొయ్యి తవ్వే డోర్సీ దగ్గరికి వెళ్ళాను. పారతో నేను మాట్లాడతా, బేతో నువ్వు మాట్లాడు, అన్నాడు.

అక్టోబర్ 29, శనివారం

పదకొండుకి గొయ్యి సగం పైగా నీళ్ళతో నిండి ఉంది. ఆగ్నేయం గాలి, నీళ్ళని మా మీదికే తోస్తోంది.

ప్రార్థనలు అయ్యాక మదర్ జోస్లిన్ నా వైపు చూసింది. పిన్ని గురించి రెండు ముక్కలు చెప్పమంది. లేచాను. పిన్ని అంటే ఈ చర్చి, కనుక చర్చి పుట్టుక నుంచి మొదలుపెడతా అన్నాను. ముందు వరసలో ఎవరో, చచ్చాం రా, అన్నారు. గాలి పడిపోయి గోతిలో నీళ్ళు తీసేదాకా కూర్చోకూడదని నా లెక్క.

దోమలెత్తుకుపోయిన పాస్టర్ని చెప్పాను, టోపీతో సహా. సముద్రపు దొంగ పెళ్ళి చెప్పాను. ఆరాధన మధ్యలో పీతల బుట్టలో కూర్చున్న బిషప్ కథ అప్పటికప్పుడు పుట్టింది. జనం కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కిటికీలోంచి డోర్సీ కనబడుతున్నాడు. నేను కళ్ళతో అడగడం, వాడు తల అడ్డంగా ఊపడం. ఇంకోటి చెప్పాను. మళ్ళీ అడ్డంగా ఊపాడు. మదర్ జోస్లిన్ నన్ను ఒక్కసారి కూడా ఆపలేదు. చేతి గడియారం మీదికి అంగీ లాక్కుంది.

చివరికి నా సంచిలో అబద్ధాలు అయిపోయాయి. అప్పుడు నిజాలు చెప్పాను. ఇది మూడో చర్చి అన్నాను. మొదటి రెండూ నీళ్ళ కింద ఉన్నాయి, మనం వాటి మీదుగానే పీతల బుట్టలు వేస్తాం. తలుపు పక్కన ఇటుకలో వేళ్ళున్నాయి, ఆ పిల్ల పేరు ఎవరూ రాసి పెట్టలేదు. బాబాయి పోయాక కూడా పిన్ని ప్రతి శనివారం ఆ గుడ్డలు ఇస్త్రీ చేసింది. ఎవ్వరూ నవ్వలేదు. కూర్చున్నాను.

అప్పుడు డోర్సీ తల నిలువుగా ఊపాడు. గాలి తిరిగింది. నీళ్ళు తీశాయి. పిన్నిని బాబాయి పక్కన, పొడి నేలలో పెట్టాం.

అక్టోబర్ 31, సోమవారం

నిన్న బిషప్ తాళం వేశాడు. నన్ను చరిత్ర చెప్పమంటే, శనివారమే చెప్పేశాను అన్నాను.

టోపీ నేను కల్పించింది. దొంగ, చెక్కకాలు, బూటు, బుట్టలో బిషప్, అన్నీ నావే. ఇంగ్లండ్ ఇటుకలు నాకన్నా ముందువాళ్ళవి. వేళ్ళు నిజం.

శనివారం చివర రాసింది కూడా కల్పించిందే. గాలి తిరగలేదు. డోర్సీ తల ఊపలేదు. గోతి నీళ్ళలో శవపెట్టె తేలింది. నేనూ వాడూ పడవ గెడలతో అదిమి పట్టుకున్నాం, మట్టి బరువెక్కేదాకా.

పిన్ని ఉంటే ఇది శనివారమే దిద్దేది.