సంచెడు పొట్టు

బావగారికి నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం, ఆ ట్రాక్టరు తప్ప.

మీ కోతమిల్లుకు దుంగలు లాగడానికి మీరు మోజుపడ్డ పాత చెయిన్ ట్రాక్టరును, అదే చక్రాలకు బదులు రెండువైపులా ఇనుప చెయిన్ల మీద నడిచేదాన్ని, చూసొచ్చాను. కొత్త రంగు నిగనిగలాడుతోంది. పైన పటారం, లోన లొటారం. వాలులో కిందికి నడిపించి చూపిస్తే మురిసిపోయారట. వాలులో బండరాయి కూడా దొర్లుతుంది బావగారూ!

నేను ఎదురెక్కించమన్నాను. కుడి చెయిను తిరిగింది, ఎడమది కదల్లేదు. బండి ఉన్నచోటే గానుగెద్దులా తిరిగింది. "ఇంకా వేడెక్కలేదండీ," అన్నాడు అమ్మేవాడు. ఇంజిను మీద చెయ్యి పెడితే చుర్రుమంది.

గేర్ల చప్పుడే లేదని కదా మీరు మెచ్చుకున్నది? ఎడమవైపు గేర్ల పెట్టె అడుగు బిరడా విప్పాను. నూనెతోపాటు ఇనుప రజను, రంపపు పొట్టు ముద్దలుముద్దలుగా జారాయి. అరిగిన పళ్ళ మోత వినబడకుండా పొట్టు కూరడం మా మెకానిక్కులు ఎరిగిన పాత మోసమే. దుంగతో ఎత్తెక్కుతుంటే ఆ పళ్ళు ఊడితే, బండి మీద ఉండేది మీ డ్రైవరు, మీరు కాదు.

పొట్టు ఎక్కడిదని అమ్మేవాణ్ణి నిలదీశాను.

"మీ బావగారి మిల్లుదేనండీ. అడగ్గానే సంచి నింపించి, దగ్గరుండి బండికెత్తించారు. దేవుడిలాంటి మనిషి!"

ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించండి. ఆ చివరి మాట మాత్రం మింగెయ్యకండి.

ఇట్లు,
మీరు చవకరకం మెకానిక్కు అనే
మీ బావమరిది