తృప్తిని పంపకు

షామీర్‌పేట, 2004

సత్యమ్మ వదినా,

ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలో నాలుగు మాటలు కలుపుతావు, అందుకే రాస్తున్నాను. మేడ్చల్ ఆసుపత్రిలో మా అశ్రితకు తోడుగా నీ కోడలు తృప్తిని పంపకు.

పోయినేడు తనకు ఇదే గొంతు జ్వరం వచ్చి తగ్గింది, మళ్ళీ రాదని నీ ధైర్యం. అమ్మతల్లి పోసినప్పుడు, అంతకుముందు పోసినవాళ్ళనే పక్కన కూర్చోబెట్టడం మన ఆచారం. ఆ నమ్మకంతోనే మా హరీష్‌ను చెల్లెలు అశ్రిత పక్కన కూర్చోబెట్టాం. "నాకొచ్చి పోయింది గదా అవ్వా, మల్ల నన్నేం జేస్తది?" అంటూ అది మిగిల్చిన జావ కూడా తాగాడు.

డాక్టరును అడిగాను. జ్వరం తగ్గాక ఒంట్లో యాంటీబాడీలు కాపలా ఉంటాయట. ఈ జ్వరం తెచ్చే బాక్టీరియా ఒక ఎంజైమును వదిలి, కత్తెరేసినట్టు వాటి చేతులను మొండెం నుంచి వేరు చేస్తుందట. అందుకే వచ్చి తగ్గినవాళ్ళకూ మళ్ళీ వస్తుందట. అంత చిన్న పురుగుకున్న తెలివి మన ఆచారానికి లేకపోయింది.

హరీష్ దినాలు అయిపోయినా అశ్రితకు ఇంకా చెప్పలేదు. జీడిమెట్లలో డ్యూటీ ఎక్కువైందన్నాం. రోజూ జావ సగం తాగి, సగం అన్నకని ఉంచుతోంది. అది నిద్రపోయాక నేను పారబోస్తున్నాను.

నీ ఆడపడుచు