నీ మనవడూ, కలరా ఉండల పంచే

ఒరే తమ్ముడూ,

తాతవైనావురా! ఆత్మకూరు ఆసుపత్రిలో నీ కూతురికి మగబిడ్డ పుట్టినాడు. వాడికి నోరు తిరగని పేరున్న రక్తం జబ్బు ఉండాది, నీ నుంచే వచ్చిందంట. కలరా ఉండల వాసన తగిలినా ఒంట్లో రక్తం విరిగిపోతుందంట. నీ కళ్లు పచ్చబడినప్పుడల్లా మేం కామెర్లనుకుని పసరు తాగిస్తిమి.

బిడ్డను ఉదయగిరిలో మనింటికి తెస్తూనే, తాత పంచెలో పడుకోబెట్టాలని, నువ్వు పోయినాక నీ బట్టలు దాచిన ట్రంకుపెట్టెను మనమ్మ తెరిచింది. గుప్పుమని కలరా ఉండల వాసన! పంచె లాక్కుని వీధిలోకి ఉరికినాను.

"బాలింత ఇంట్లో కూడా ఏందిరా నీ ఆటలు?" అని అమ్మ చీపురెత్తింది. నేను చెప్తే నమ్మలా, నీ కూతురు చెప్తే నమ్మింది.

బిడ్డ నా కొత్త తువ్వాల్లో హాయిగా నిద్రపోతున్నాడు. నేను నీ పంచె కట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. వాసన పోయేదాకా లోపలికి రానీరంట. పర్లేదులే, ఇద్దరం బయటే ఉందాం.