బొటనవేలు దాటిన చోట

ఎస్తేరూ,

నువ్వు పోయి రేపటికి మూడేళ్లు. ఈ సాయంత్రం జరిగిన సంగతి నీకు తప్ప ఎవరికీ పట్టదు, అందుకే నీకు రాస్తున్నాను.

ఆదివారం ఆరాధనలో నీ కూతురు పియానో వాయించాలి. అప్పట్లో మనం పోట్లాడుకున్న అదే కీర్తన. ఎడమచేతి స్వరాలు గబగబా కిందికి దిగే ఆ వరుసలో నడిమివేలు తరువాత ఉంగరపువేలు పెట్టాలని నేను, దాన్ని వదిలేసి బొటనవేలు కిందనుంచి దాటిస్తానని నువ్వు. ఏ స్వరానికి ఏ వేలో పుస్తకంలో నువ్వు పెన్సిల్‌తో వేసుకున్న అంకెలు చెరిపేసి, నావి సిరాతో రాశాను. చెయ్యి నొప్పి అన్నా వినకుండా నెల రోజులు వాయింపించాను. ఆ తరువాత నువ్వు పియానో ముట్టలేదు. నీ కూతురు నీ వాయింపు ఒక్కనాడూ వినలేదు.

ఈ సాయంత్రం గుడిలో నీ కూతురు సాధన చేస్తుంటే, నేను పియానోకి వీపు పెట్టి పాటల పుస్తకాలు సర్దుతున్నాను. వారం రోజులుగా తడబడుతున్న ఆ వరుస ఉన్నట్టుండి సాఫీగా దిగింది, నీ చేతిలో దిగినట్టే.

"ఏ వేలు పెట్టావే?" అన్నాను.

"ఉంగరపేలు వొదిలీసి బొటనేలు తోసీసేను. నువ్వు రాసినట్టు వాయిస్తే సెయ్యి పట్టీసింది అమ్మమ్మా."

"ఎవరు చెప్పారు?"

"ఎవులు సెప్తారు? సెయ్యే అలగెళ్లిపోనాది. తప్పేటి?"

"తప్పు కాదు. పుస్తకంలో నా అంకెలు కొట్టేసి, మళ్లీ వాయించు."

నాలుగుసార్లు వాయించింది. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే, అక్కడ కూర్చున్నది నువ్వు కాదని తెలిసిపోతుంది.

అమ్మ